గోల్కొండ కోటను చదవడం ఎలా?
(జపాన్‌లోని హిమేజీ కోటతో పోల్చి ఒక పాఠం)

కోట అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఏనుగులు, ఫిరంగులు గుర్తుకు వస్తాయి. సాంఘిక శాస్త్రం పుస్తకంలో కూడా పాఠం అదే వరుసలో ఉంటుంది. ఎవరు కట్టించారు, ఎవరు ముట్టడించారు, ఏ సంవత్సరంలో పడిపోయింది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు అది సరిపోతుంది. కోట ముందు నిలబడినప్పుడు మాత్రం సరిపోదు.

మిత్రులారా! మన హాస్టల్‌లో చదివేవాళ్ళం, చదివి వెళ్ళినవాళ్ళం ఏ ఇళ్ళ నుంచి వచ్చామో మనకు తెలుసు. రాళ్ళు కొట్టే ఇళ్ళ నుంచి, గొర్రెలు కాసే ఇళ్ళ నుంచి, తండాల నుంచి, కూలికి పోయే ఇళ్ళ నుంచి వచ్చాం. రాజుల జాబితాలో మన ఇంటి పేర్లు ఉండవు. అందుకే చాలామందికి కోట అంటే "ఎవరిదో", మనం టికెట్ కొని చూసి వచ్చే చోటు మాత్రమే అనిపిస్తుంది. ఆ అభిప్రాయం సరికాదని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాం. కోటను రాజు వైపు నుంచి కాకుండా పని వైపు నుంచి చూస్తే అందులో మన పెద్దల వంటివారు అడుగడుగునా కనిపిస్తారు.

మన పక్కనే ఉన్న చరిత్ర

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంటే రాష్ట్రమంతటా తెలిసినవి సినిమా స్టూడియోలు, నటుల ఇళ్ళు. కానీ ఫిల్మ్‌నగర్ నుంచి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్లు వెళితే గోల్కొండ కోట వస్తుంది. దారిలో షేక్‌పేట దగ్గర కుతుబ్ షాహీల కాలపు సరాయి ఉంది. సరాయి అంటే బాటసారులు, వర్తకులు తమ పశువులతో సహా రాత్రి దిగే సత్రం. అది దాటితే కుతుబ్ షాహీ సమాధులు, ఆ తరువాత కోట గోడ. జూబ్లీహిల్స్‌కు, మాదాపూర్‌కు మధ్య ఉన్న దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు అందించిన చెరువు. 2020లో తీగల వంతెన ప్రారంభమయ్యాక దాని మీద నిలబడి ఫోటోలు తీసుకునేవారు పెరిగారు. ఆ నీటికీ కోటకూ ఉన్న సంబంధం మాత్రం కొద్దిమందికే తెలుసు.

సినిమావాళ్ళకు కోట కావలసి వస్తే చెక్క, ప్లైవుడ్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కొన్ని వారాలలో కట్టిస్తారు. 2003లో వచ్చిన "ఒక్కడు" కోసం ఏకంగా చార్మినార్‌నే సెట్‌గా వేశారు. సినిమా అయిపోయాక సెట్‌తో పని ఉండదు. కానీ ఆ సెట్ వేసిన వడ్రంగులు, పెయింటర్ల శాఖల పేర్లు తెర మీద పడతాయి. అసలు కోట కట్టినవారి పేర్లు ఏ తెర మీదా పడలేదు. వాటిని మనమే వెతుక్కోవాలి.

ఒక జపాన్ కోట, ఒక తిరగలి రాయి

పోలిక కోసం కాసేపు జపాన్ వెళ్దాం. అక్కడి కోటలలో ఎక్కువ పేరున్నది హిమేజీ కోట. తెల్లని గోడల వల్ల దానికి తెల్లకొంగ కోట అని ముద్దుపేరు. ఇప్పుడున్న ప్రధాన బురుజు 1609లో పూర్తయింది. అప్పుడు మన గోల్కొండను పాలిస్తున్నది మహమ్మద్ కులీ కుతుబ్ షా (1580-1612). అంటే ఆ బురుజు మన కుతుబ్ షాహీల కాలం నాటిదే. కింద రాతి పునాది, దాని మీద కొయ్య మేడ, కొయ్యకు నిప్పు అంటకుండా తెల్లని సున్నపు పూత. పునాదితో కలిపి ఎత్తు సుమారు 46 మీటర్లు. 1993లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది.

హిమేజీ కోట గోడలో ఒక చిన్న రాయికి ఇనుప వల కట్టి చూపిస్తారు. అది ఒక తిరగలి రాయి. దాని గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. ఇప్పుడున్న కోటకు ముందు హిదెయోషి అనే సేనాధిపతి అక్కడ కోట కట్టిస్తుండగా రాళ్ళు చాలలేదట. పిండివంటలు అమ్ముకుని బతికే ఒక పేద ముసలమ్మ తన దగ్గరున్న తిరగలి రాయినే తెచ్చి ఇచ్చిందట. ఆ సంగతి విని ఊళ్ళోవాళ్ళందరూ రాళ్ళు తెచ్చి ఇచ్చారట. ఇది కథే కావచ్చు. అయినా లక్షలమంది యాత్రికులు వచ్చే కోటలో ప్రభువుల ఆయుధాలతో పాటు ఒక ముసలమ్మ తిరగలిని కూడా చూపించాలని వారికి తోచింది. మనం గోల్కొండ వెళ్ళినప్పుడు వెతకవలసింది అలాంటి తిరగళ్ళనే.

మొదటి పాఠం: పేర్లు

గోల్కొండ అంటే గొల్లకొండ. కొండ మీద గొర్రెలు కాసుకునే గొల్లవానికి ఒక విగ్రహం దొరికిందని, అక్కడ కాకతీయుల కాలంలో మట్టికోట కట్టారని స్థల కథ. 14వ శతాబ్దంలో అది బహమనీ సుల్తానుల చేతికి వెళ్ళింది. వారి అధికారి సుల్తాన్ కులీ 1518లో స్వతంత్రుడై కుతుబ్ షాహీ వంశాన్ని స్థాపించాడని చరిత్రలో చదువుకుంటాం. మట్టికోట రాతికోట అయింది ఈ వంశం కాలంలోనే. పాలకులు ఎంతమంది మారినా గొల్లవాని పేరు మాత్రం కొండకు అలాగే ఉండిపోయింది.

కోట బయటి గోడకు ఉన్న దర్వాజాలలో ఒకటి బంజారా దర్వాజా. సమాధుల వైపు నుంచి వెళితే ఇదే వస్తుంది. బంజారాలు, అంటే మన లంబాడీలు, వందల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగి సైన్యాలకు, పట్టణాలకు అందించినవారు. లోపల ఎంత సైన్యం ఉన్నా ఆ ఎద్దుల బారు రాకపోతే కోటలో పొయ్యి వెలగదు. ఆషాఢ మాసంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది కూడా ఈ కోటలోని అమ్మవారి గుడి దగ్గరే. కోట రాజులకు మాత్రమే చెందినది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రెండవ పాఠం: దారి

కోట గోడ ఎంత ఎత్తుదైనా మనుషులు, బండ్లు, ఏనుగులు వెళ్ళడానికి దర్వాజా ఉండాలి. శత్రువు కూడా అక్కడికే వస్తాడు. అందుకని దర్వాజా దగ్గర తెలివి ఎక్కువ పెట్టారు. గోల్కొండ ఫతే దర్వాజా తలుపులకు పెద్ద పెద్ద ఇనుప మొనలు ఉన్నాయి. ఏనుగుతో తలుపు కుమ్మించకుండా ఈ ఏర్పాటు. బాలాహిసార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ ఉంది. ఏనుగు దూరం నుంచి పరుగెత్తి వచ్చి ఢీకొట్టాలంటే నేరుగా దారి ఉండాలి కదా! అడ్డగోడ దగ్గర మలుపు తిరిగేసరికి దాని వేగం పోతుంది.

హిమేజీలో ఇదే ఆలోచన ఇంకో రూపంలో ఉంది. ప్రధాన బురుజు కళ్ళ ముందే కనిపిస్తుంది, కానీ దారి తిన్నగా పోదు. వంకరలు తిరుగుతూ, సన్నని ద్వారాలు దాటుతూ, ఒక్కోచోట వెనక్కి వెళ్తున్నామా అనిపించేలా ఉంటుంది. గోడలలో గుండ్రంగా, త్రికోణంగా, చతురస్రంగా కన్నాలు ఉంటాయి. వాటిలో నుంచి బాణాలు, తుపాకులు ప్రయోగించేవారు. ఒకరితో ఒకరికి పరిచయం లేని రెండు దేశాల పనివారు ఒకే సమస్యకు ఒకే రకమైన జవాబు కనుక్కున్నారు. శత్రువు వేగాన్ని మలుపుతో తగ్గించడమే ఆ జవాబు.

మూడవ పాఠం: ధ్వని

బాలాహిసార్ దర్వాజా దాటగానే ఉన్న గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ పైన ఉన్నవారికి వినిపిస్తుంది. గైడులందరూ దీనిని చూపిస్తారు, పిల్లలందరూ చప్పట్లు కొడతారు. దీనిలో మాయ ఏమీ లేదు. భౌతిక శాస్త్రంలో మనం చదివే ధ్వని పరావర్తనమే. గుమ్మటం లోపలి వంపు తలాలు శబ్దాన్ని నలుదిక్కులా చెదిరిపోనివ్వకుండా మళ్ళించి ఒక వైపుకు పంపుతాయి. ఎవరో వస్తున్నారన్న కబురు మనిషి మెట్లెక్కి వెళ్ళేలోగా శబ్దం అందించేది.

జపాన్‌లో క్యోటో నగరంలోని నిజో కోటలో నడిస్తే కిచకిచమని పిట్ట కూసినట్టు చప్పుడు చేసే కొయ్య నేల ఉంది. దొంగలు, హంతకులు వస్తే తెలియడానికే అలా చేశారని చాలాకాలం చెప్పుకున్నారు. నేల కింది మేకులు, ఇనుప బిగింపులు వాడకంలో వదులై ఆ చప్పుడు వచ్చిందని ఇప్పుడు ఆ కోటవారే వివరిస్తున్నారు. దీని నుంచి మనకొక పద్ధతి తెలుస్తుంది. కోటలో విన్న ప్రతి మాటను మూడు గడులలో వేసుకోవాలి: కళ్ళతో చూసింది, రాతపూర్వకంగా ఆధారం ఉన్నది, చెప్పుకునేది. గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందనే మాట మూడవ గడిలోకి వస్తుంది. వినడానికి బాగుంటుంది, కానీ నిరూపణ కాలేదు.

నాలుగవ పాఠం: నీరు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం. కోట కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. పైకి వెళ్ళడానికి మూడు వందలకు పైగా మెట్లున్నాయి. కరెంటు లేదు, మోటారు లేదు. మరి పైన ఉన్నవారికి నీళ్ళు ఎలా అందాయి?

చెరువు నీరు మట్టి గొట్టాల ద్వారా కోటకు చేరేది. అక్కడి నుంచి కుండలు కట్టిన పెద్ద చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి, ఆ తొట్టి నుంచి ఇంకా పై తొట్టికి అంచెలంచెలుగా తోడేవారు. గోడలలో పాతిన మట్టి గొట్టాల ముక్కలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

ఈ పని ఎంతటిదో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించుకున్న లెక్క, చరిత్ర పుస్తకంలోది కాదు. 15 లీటర్ల బిందెడు నీళ్ళ బరువు 15 కిలోలు. గురుత్వ త్వరణం 10 అనుకుందాం. దానిని 120 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి చేయవలసిన పని 15 × 10 × 120 = 18,000 జౌళ్ళు. రోజుకు 1,000 బిందెలు అనుకుంటే 1 కోటి 80 లక్షల జౌళ్ళు. ఇది నేటి లెక్కలో సరిగ్గా 5 యూనిట్ల కరెంటు. నష్టాలు పక్కన పెడితే, మోటారుకు ఒక రోజు కరెంటు బిల్లులో అది చిన్న మొత్తం. అదే బలమైన మనిషి రోజంతా శ్రమించి 20 లక్షల జౌళ్ళ పని చేయగలడనుకుంటే తొమ్మిది మంది ప్రతిరోజూ, పండుగలేదు పబ్బంలేదు అన్నట్టు పని చేయాలి. ఇది కూడా ఒక్క బొట్టు ఒలకకుండా, చక్రం ఎక్కడా రాపిడి లేకుండా తిరిగితేనే. ఇక స్నానశాలలకు, తోటలకు, గుర్రాలకు, ఏనుగులకు ఎన్ని బిందెలు కావాలో, ఎంతమంది మనుషులు, ఎన్ని పశువులు కావాలో మీరే ఆలోచించండి.

పైన బారాదరిలో కూర్చుని చల్లగాలి పీల్చిన సుల్తానుల పేర్లు మనకు కంఠస్థం. చక్రం తిప్పినవారిలో ఒక్కరి పేరూ తెలియదు. కానీ వారు ఒక్కరోజు చేతులు ముడుచుకుంటే సుల్తానుకు దాహం తీరేది కాదు. ఊళ్ళో బోరు దగ్గర నుంచి బిందెలు మోసిన మన అమ్మలను, అక్కలను తలచుకుంటే ఆ పని విలువ మనకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

సమాధుల దగ్గర ఉన్న మెట్లబావులు కూడా ఈ పాఠంలోనివే. 2013 నుంచి అక్కడ జరిగిన పునరుద్ధరణలో ఆ బావులను బాగుచేశారు. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో గుర్తింపు లభించింది.

ఐదవ పాఠం: రాయి

గోల్కొండ చుట్టూ ఉన్నది నల్లరాతి బండ. జూబ్లీహిల్స్ గుట్టలూ ఇదే రాయి. బండ మీద వరుసగా గంట్లు కొట్టి, వాటిలో చీలలు దిగేసి, సమ్మెటతో కొడితే బండ ఆ వరుస వెంట చీలుతుంది. ఇది తెలుగు నేల మీద తరతరాలుగా వడ్డెరలకు తెలిసిన విద్య. కోట గోడలో కొన్ని రాళ్ళు మనిషి కంటే పెద్దవి. రాయిని ఏ వైపు కొడితే చీలుతుందో, ఏ రాయి మీద ఏ రాయి కూర్చుంటుందో తెలియకుండా కిలోమీటర్ల పొడవు గోడ లేవదు. అది చదువు కాదని ఎవరనగలరు? పుస్తకంలో లేని చదువు అంతే.

జపాన్ కోటల పునాది గోడలు కూడా సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. కింద వాలుగా మొదలై పైకి పోయేకొద్దీ నిటారుగా వంపు తిరుగుతాయి. 2016 ఏప్రిల్‌లో వచ్చిన భూకంపానికి కుమమోటో కోట గోడలు చాలాచోట్ల కూలాయి. పడిన రాళ్ళకు అంకెలు వేసి, పాత ఫోటోలతో సరిచూసి, ఏ రాయి ఎక్కడిదో అక్కడే పెట్టే పని చేపట్టారు. అది పూర్తి కావడానికి దశాబ్దాలు పడుతుంది. మన గోల్కొండలోనూ 2020 అక్టోబరు భారీ వర్షాలకు గోడలో ఒక భాగం కూలింది. రాతిగోడ శాశ్వతం అనుకోవద్దు. నీరు ఇంకి, చెట్ల వేర్లు దిగి, కాపలా లేక అది కూడా పడిపోతుంది.

ఆరవ పాఠం: పతనం

1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించింది. వానలు, కరువు, రోగాలు ముట్టడించిన సైన్యాన్నే బాధించాయి. ఫిరంగులతో సాధ్యం కానిది చివరకు లోపలి మనిషి వల్ల సాధ్యమైంది. అబ్దుల్లా ఖాన్ పనీ అనే అధికారి రాత్రివేళ తలుపు తీశాడు. అదే రాత్రి అబ్దుర్ రజాక్ లారీ అనే సేనాని ఒళ్ళంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషాను దౌలతాబాదులో బంధించారు. అందుకే మిగతా సుల్తానుల సమాధుల మధ్య ఆయన సమాధి కనిపించదు. వేలమంది కూలీలు ఏళ్ళ తరబడి కట్టిన గోడ ఒక్కరి చేతిలోని తాళంతో ఓడిపోయింది.

హిమేజీ కథ వేరు. 1873లో జపాన్ ప్రభుత్వం పాత కోటలను రద్దు చేసినప్పుడు చాలా కోటలను కూల్చారు. 1945లో బాంబుల వల్ల నగోయా కోట కాలిపోయింది. 1959లో దాని బురుజును కాంక్రీటుతో తిరిగి కట్టారు. హిమేజీ నగరం కూడా కాలింది, కానీ కోట మీద పడిన బాంబు పేలలేదు. పాత బురుజులు అసలు రూపంలో మిగిలిన కోటలు దేశం మొత్తం మీద 12 మాత్రమే. ప్రసిద్ధ దర్శకుడు కురొసావా 1985లో తీసిన "రాన్" చిత్రంలో కొన్ని దృశ్యాలను హిమేజీలో తీశారు. కోట తగలబడే దృశ్యానికి మాత్రం ఫుజీ పర్వతం వాలులో వేరే సెట్ వేసి దానిని కాల్చారు. కాల్చవలసింది సెట్‌ను, కాపాడవలసింది కోటను. ఫిల్మ్‌నగర్ పక్కన ఉంటున్న మనకు ఈ తేడా ఇంకా బాగా అర్థం కావాలి.

కోటకు మన బాకీ

గోల్కొండ గోడల మీద బొగ్గుతో, మేకుతో పేర్లు చెక్కినవి కనిపిస్తాయి. కట్టినవారు ఒక్క పేరూ రాసుకోలేదు, చూడవచ్చినవారు రాసి వెళ్తున్నారు. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. శిక్షకు భయపడి కాదు, ఆ రాయి ఎవరి చెమటతో నిలిచిందో తెలుసు కాబట్టి మనం ఆ పని చేయకూడదు. పక్కవాళ్ళు చేస్తుంటే వద్దని చెప్పాలి.

2014 నుంచి తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలకు గోల్కొండ వేదిక అయింది. గోల్కొండ, సమాధులు, చార్మినార్ కలిపి 2010 నుంచి యునెస్కో ప్రాథమిక జాబితాలో ఉన్నాయి. 15 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. కనుక మన హాస్టల్‌లో చిన్న తరగతుల తమ్ముళ్ళను, చెల్లెళ్ళను తీసుకువెళ్ళడం కష్టమేమీ కాదు. పూర్వ విద్యార్థులు సెలవు రోజున ఒక పూట తోడు వస్తే ఇంకా మంచిది. ఉదయం ఎండ ఎక్కకముందే వెళ్ళండి, నీళ్ళ సీసా మరువకండి.

నోటు పుస్తకంలో రాయవలసిన ప్రశ్నలు

1. మట్టి గొట్టాలు ఎక్కడెక్కడ కనిపించాయి? నీరు ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్ళి ఉంటుంది? పటం గీయండి.

2. ఉలి గంట్లు ఉన్న రాయి ఒకటి వెతకండి. దాని పొడవు, వెడల్పు జానలతో కొలవండి. ఎంతమంది మోసి ఉంటారో అంచనా వేయండి.

3. గైడు చెప్పిన మాటలలో ఏవి చూసినవి, ఏవి రాతపూర్వకమైనవి, ఏవి చెప్పుకునేవి? మూడు గడులలో రాయండి.

4. మీ ఇంట్లో పెద్దలు చేసే పనికీ కోటలో కనిపించిన ఏ పనికీ పోలిక ఉంది? సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వారిని అడిగి రాయండి.

నాలుగవ ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ, ఏ గెస్ పేపరులోనూ దొరకదు. రాయి పని చేసే నాన్నను, గొర్రెలు కాసే తాతను, తండాలోని నాయనమ్మను అడిగితేనే దొరుకుతుంది. అడిగి రాసిన జవాబులను వచ్చే వార్షికోత్సవ సంచికకు పంపండి. పనివారి పేర్లతో సహా అచ్చు వేద్దాం.